తెరకెక్కిన ఇల్లు

హాలంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంటే హెడ్‌క్లర్కు ఒక్కడూ కుర్చీ చెయ్యి పట్టుకుని పళ్లు నూరుతున్నాడు.

తెరమీద హిందీ సినిమా. మధ్యతరగతి కలల మీద ఇంటిల్లిపాదీ కలిసి నవ్వుకోదగ్గ చిత్రమని పోస్టరు మీద రాశారు. ఇద్దరు పిల్లల తండ్రి అయిన హెడ్‌క్లర్కుకి హిందీ అంతంతమాత్రం. కానీ తెరమీది నాన్న టూత్‌పేస్టు ట్యూబుని కత్తెరతో నిలువునా చీల్చి లోపల బ్రష్షు తిప్పుతుంటే అర్థం కావడానికి భాషెందుకు? టీవీ రిమోటుకి ప్లాస్టిక్ తొడుగు. చుట్టాలొస్తే తప్ప దుప్పటి తియ్యని సోఫా. హాస్యచిత్రం కాస్తా ఆయనకి ఆయాసచిత్రమైపోయింది.

అక్కడిదాకా ఓర్చుకున్నాడు. ఇంటర్వెల్‌కి ముందు ఆ నాన్న గది గడియ వేసుకుని, బీరువా అరలో పరిచిన పేపరు కిందనుంచి ఒక పాత క్యాలెండరు కాగితం తీశాడు. వెనకవైపు పెన్సిలుతో గీసిన సొంతింటి ప్లాను. జీతం పెరిగినప్పుడల్లా దిద్దుతాడు. ధరలు అంతకన్నా పెరుగుతాయి గనక దిద్దినప్పుడల్లా ఒక గది చెరిపేస్తాడు. ఐదు గదులు రెండయ్యాయి. బాల్కనీ మాత్రం చెరపడానికి చెయ్యి రాక రబ్బరు పట్టుకుని కూర్చున్నాడు. హాలు గొల్లుమంది.

హెడ్‌క్లర్కుకి ఒళ్లు మండిపోయింది. మధ్యతరగతి అంటేనే మధ్యలో తరిగిపోయే గతి. ఆ తరుగుని ఆయన పంతొమ్మిదేళ్లుగా కట్టుకున్నదానిక్కూడా చూపించలేదు. ఆ కాగితం ఆయన బీరువాలో ఉంది. ఆ బాల్కనీ ఆయనది.

చూసినవాడు ఒక్కడే. రెండేళ్ల కిందట ఆ బీరువా తలుపు బాగు చెయ్యడానికొచ్చిన బావమరిది. ఆ వెంటనే వాడు రెండు నెలలు సినిమావాళ్ల కారు నడిపాడు. ఇవాళ టిక్కెట్లు కొన్నదీ వాడే, తప్పకుండా చూడాలని వెంటపడి అక్కనీ బావనీ లాక్కొచ్చిందీ వాడే.

దీపాలు వెలిగాయి. బావ మొహంలో భావం చూసి బావమరిది పాప్‌కార్న్ నమలడం ఆపేశాడు. హెడ్‌క్లర్కు వాడి కాలరు దొరకబుచ్చుకుని వరండాలోకి ఈడ్చుకొచ్చాడు.

"ఎంతకమ్మావురా నా ఇంటిని?"

"ఏ ఇల్లు బావా? మనకి ఇల్లెక్కడుంది?"

అడగకూడని మాట అడిగానని వాడికి తెలిసేలోపే కాలరు ఇంకో మెలిక తిరిగింది. వాడు లబోదిబోమన్నాడు. కారెక్కినవాళ్లు ఏసీ పెంచమనడం తప్ప తనతో ఒక్క ముక్క మాట్లాడలేదన్నాడు. ఆ కాగితం సంగతి అక్కకైనా చెప్పలేదని అక్క మీదే ఒట్టేశాడు. ఈలోగా ఆ అక్క పరుగున వచ్చి అడ్డం పడి, ఏం కాగితమని అడిగింది. దాంతో ఆయన కోపం రెండింతలైంది.

"నీ తమ్ముడు నన్ను తెరకెక్కించాడు. ఇక వాడు మన గడప ఎక్కడానికి వీల్లేదు. వాడెక్కితే నేను దిగిపోతాను."

ఆవిడ తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "అమ్మా నాన్నా పోయాక వాడికి మిగిలిన గడప ఇదొక్కటేనండీ."

ఆయన వినిపించుకోలేదు. నేరం వీడిచేత మేనేజరు ముందే ఒప్పించి, ఆట ఆపించి, ఆ తర్వాత వీడి మొహం చూడనన్నాడు. సినిమా తీసినవాణ్ని కోర్టు మెట్లెక్కించే ముందు బావమరిదిని హాలు మెట్లెక్కించాడు. వాడు కమ్మీ పట్టుకుని గింజుకుంటున్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ వెనకాలే వస్తోంది. ఆ ముగ్గురూ అలాగే పై అంతస్తు మలుపు తిరిగారు.

మేనేజరు గది ముందు అప్పటికే ఏడుగురు నాన్నలు, తలా ఒక బావమరిదిని పట్టుకుని, వరసలో నిలబడి ఉన్నారు.