ఒక్క మోతాదు

నారిన్ పట్టణ ఆస్పత్రి వరండాలో టీచర్ బెర్మెత్ నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

“తప్పంతా నాదే అక్కా! మూర్ఛ రాగానే అయ్‌పెరిని పక్కకు తిప్పి పడుకోబెట్టాను. అయిదు నిమిషాలైనా ఆగలేదు. నువ్విచ్చిన మూర్ఛ మందు స్ప్రే ముక్కులో పెట్టి నొక్కాను. సరిగ్గా నొక్కడం చేతకాలేదేమో, ఒక్క చుక్కా రాలేదు.”

మా కొండ ఊరికి అంబులెన్సు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. నా తొమ్మిదేళ్ల కూతురు అయ్‌పెరి బతికింది కానీ, అప్పటికి మాట ఇంకా తడబడుతూనే ఉంది.

బడిలో అందరూ భయపడి వెనక్కి తగ్గితే, ఆ మందు వాడటం నేర్చుకుంటానని ముందుకొచ్చింది బెర్మెత్ ఒక్కతే.

“ఇక బడికి వెళ్లనక్కా. నన్ను నమ్మి పిల్లల్ని ఎవరు పంపుతారు?”

థర్మాస్‌లోంచి చాయ్ పోసి ఇచ్చాను. “తాగమ్మా, ఏడవకు,” అన్నాను.

“ఒక్క మాటైనా అనవేంటక్కా? నీది ఎంత మంచి మనసు!” అంటూ ఇంకా ఏడ్చింది.

‘ఒక్క చుక్కా రాలేదు’ అని ఆమె అన్నప్పుడే నాకు డాక్టరు మాటలు గుర్తొచ్చాయి. “ఇందులో ఒక్క మోతాదే ఉంటుంది. ముందుగా నొక్కి చూడొద్దు.”

బడికి ఇచ్చే రోజు పొద్దున, పనిచేస్తుందో లేదోనని వంటింట్లో నేనే ఒకసారి నొక్కి చూశాను. సన్నటి తుంపర వచ్చింది. హమ్మయ్య అనుకుని, తుడిచి డబ్బాలో పెట్టి బెర్మెత్ చేతికిచ్చాను.

వారానికి అయ్‌పెరి కోలుకుంది. బెర్మెత్ అన్నంత పనీ చేసి బడి మానేసింది.

నేనింకా ఆమెకు చెప్పలేదు.