పక్కింటాయనకు కత్తెర

“పక్కింటాయన్ని తీసెయ్యండి,” అన్నాడు మేనేజరు.

ఎడిటరమ్మ తెరవైపు చూసింది. ముప్ఫయ్యేళ్ళనాటి హాస్య ధారావాహిక. అప్పుడు ఎడిటింగ్ చేసిందీ ఆమే. పక్కింటాయన అలవాటు ప్రకారం తలుపు తట్టకుండానే లోపలికొచ్చి, “మా ఆయన మళ్ళీ అలిగాడమ్మా!” అన్నాడు. వెనక నుంచి ప్రేక్షకుల నవ్వు. వారం వారం అదే రాక, అదే మాట, అదే నవ్వు. తెరమీద ఏనాడూ కనబడని ఆ ‘ఆయన’తో అతని కాపురం, కనబడే అందరి కాపురాలకన్నా సజావుగానే సాగింది.

“ఎందుకు బాబూ?”

“ఛానల్ ఓనరు పెద్దమేడానికి ఇలాంటివి గిట్టవు. రేపు ఆవిడ మొదటి భాగం చూసి సరేనంటేనే మళ్ళీ ప్రసారం. కాదంటే మొత్తం అటకెక్కుతుంది.”

“గిట్టవని ఆవిడే చెప్పారా?”

“చెప్పించుకునేదాకా ఆగడానికి నాకేమన్నా పిచ్చా?”

అడగని ప్రశ్నకు వచ్చిన జవాబును ఖండించడం ఎవరి తరమూ కాదు. అయినా ఆమె ఊరుకోలేదు.

“ఆ నటుడు ఇంకా బతికే ఉన్నాడయ్యా. మళ్ళీ వేస్తున్నారని తెలిసి నిన్న ఫోన్ చేశాడు. ‘నేనున్నానా?’ అని అడిగాడు. ఉన్నావన్నాను.”

“ఇప్పుడు లేడని చెప్పండి.”

“సీరియల్లో అతనెప్పుడూ హీరో ఇల్లాలి పక్కనే నిలబడతాడు. అతన్ని కోస్తే ఆవిడా పోతుంది.”

“పోనీండి మేడం. హీరో ఉంటే చాలు. పక్కింటాయన ముఖం మాత్రం ఒక్క షాట్‌లో కూడా కనబడకూడదు.”

ఎడిటరమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. పక్కింటాయన పోయాడు. అతని పక్కనున్న పాపానికి ఇల్లాలూ పోయింది.

మర్నాడు పెద్దమేడం చేతులు కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. మేనేజరు కూర్చోలేదు.

తెరమీద హీరో చేతులు జోడించి, “నువ్వు లేకపోతే నాకు ముద్ద దిగదు. ఇంకెప్పుడూ కసరను. వెళ్ళకు!” అని బతిమాలాడు. అది అలిగిన భార్యతో అన్న మాట. భార్య ఇప్పుడు లేదు. ఆ వెంటనే మిగిలిన షాట్, కుళాయి బాగుచెయ్యడానికొచ్చిన ఇంటి ఓనరుది. ముఖాన చిమ్మిన నీళ్ళు తుడుచుకుంటూ ఆయన, “ఇంతగా అడిగితే ఉండక చస్తానా?” అన్నాడు. అది, భోంచేసి వెళ్ళమన్న ఇల్లాలికి చెప్పిన జవాబు. ఆమె అడగడమూ ఇప్పుడు లేదు.

తరవాత ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని భోంచేశారు. దీపం ఆరింది. భాగం ముగిసింది.

మేనేజరు ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఎడిటరమ్మ తన కళ్ళజోడు తుడుచుకోవడంలో నిమగ్నమైంది.

పెద్దమేడం పమిటచెంగుతో కళ్ళొత్తుకుంది.

“ఎంత ముచ్చటైన జంటయ్యా! ఇద్దర్లో ఎవరినీ ముట్టుకోవద్దు.”

“అలాగే మేడం,” అన్నాడు మేనేజరు.

“ఒక్కటే వెలితి. కష్టసుఖాలు చెప్పుకుందామంటే పాపం వీళ్ళలాంటివాడు చుట్టుపక్కల ఒక్కడూ లేడు. పక్కింట్లో ఎవరినైనా పెట్టించు.”