పదికి పది

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మాకు ఇంగ్లిషు నేర్పింది మా మేనేజరుగారే. "అన్‌లెస్‌తో ఒక వాక్యం, ఆల్దోతో ఒకటి, మీ పని గురించే రాయండమ్మా," అన్నారు.

బ్లేడుకు మూత లేని నా మెషీను గురించి రాశాను. "మూత బిగిస్తే తప్ప మా వేళ్లు దక్కవు. ప్రమాదమని తెలిసినా రోజూ అందులోనే చెయ్యి పెడుతున్నాను."

పదికి పది వేసి, క్లాసు చేత చప్పట్లు కొట్టించారు. మెప్పుకు కొదవ లేదు, మూతకే దిక్కు లేదు.

నెల తిరక్కుండా నా వేళ్లు రెండు తెగిపోయాయి. పరిహారం విచారణకు ఆయన నా నోటుబుక్కు పట్టుకొచ్చారు.

"తెలిసే పెట్టిందండీ చెయ్యి. ఇదిగో, తన చేతిరాతే," అంటూ ఆ పేజీ అధికారికి చూపించారు.

కింద తనేసిన ఎర్రసిరా మార్కులు కనబడకుండా, బొటనవేలు అడ్డం పెట్టి పట్టుకున్నారు.