చెప్పులేస్కో బిడ్డా

"మైకు ముట్టకు కృష్ణప్రియా, షాక్ కొడ్తది!"

మా అక్క బిడ్డ పకపక నవ్వింది. "ప్రతి ప్రోగ్రాంల ఇదే నాటకమా మామా? జర కొత్తది చెప్పు."

నిజమే, నేనెప్పుడూ గిట్లనే ఆటపట్టిస్త. కానీ ఈసారి మైకుకు నా వేలు తగలంగనే మోచేతి దాకా జివ్వుమన్నది. మాదాపూర్ ఆఫీసోళ్ల పాటల పండుగ, వాన పడి స్టేజంత తడి. మెయిన్ స్విచ్ బంద్ చెయ్యమని అరిస్తే సౌండాయన గూడ నవ్విండు.

పిల్ల స్టేజికి మొక్కి, ఉత్తకాళ్లతో మైకు దిక్కు చెయ్యి చాపింది.

"చెప్పులేస్కో బిడ్డా!"

చెయ్యి ఆగింది. చెప్పులతో స్టేజెక్కితే కాళ్లిరగ్గొడ్తనని చిన్నప్పటి సంది చెప్పింది నేనే.

నా మొఖం చూసింది. మెల్లగ ఎనక్కి జరిగింది.

మైకు గుయ్యిమంటనే ఉన్నది.