బ్యాటరీ ఆటో

అక్కుపల్లి రోడ్డు మీద బోల్తాపడిన బ్యాటరీ ఆటోలోంచి పొగ కమ్ముకొస్తోంది. కాళ్లు ఇరుక్కుని వరహాలు లోపల మూలుగుతున్నాడు.

"లాగండి బాబూ!" అని అరిచింది అతని భార్య పోలమ్మ.

"ముట్టుకోకమ్మా, కరెంటు కొడతాది!" అంబులెన్సు టెక్నీషియన్ ధనుంజయ్ దూరంగానే నిలబడిపోయాడు.

కాసేపు చూసి పోలమ్మే పొగలోకి వెళ్లింది. చేతులు కాలుతున్నా భర్తను బయటికి లాగింది.

అంబులెన్సు పలాస ఆసుపత్రికి చేరకముందే వరహాలు ఊపిరి ఆగిపోయింది. ధనుంజయ్ ఛాతీ నొక్కి నొక్కి, చివరికి దుప్పటి కప్పాడు. ఆమె చేతులకు కట్టు కట్టసాగాడు.

"కరెంటు కొట్టలేదు బాబూ," అంది పోలమ్మ.

ధనుంజయ్ తలెత్తలేదు. "ఇలాటి బండ్లకాడ ఏటి సెయ్యాలో మాకెవులూ నేర్పలేదమ్మా."

"నాకెవులు నేర్పినారు?"