ఎర్గష్ కంటి కట్టు

"కళ్లకు గంతలు కట్టుకుని తాడు మీద నడుస్తావట! ఆ గుడ్డకి ఎన్ని చిల్లులున్నాయో చూడాలిగా?" అన్నాడు భద్రతాధికారి తుర్దియేవ్.

నవ్‌రోజ్ పండుగకు రెండు రోజులే ఉన్నాయి. అనుమతి కాగితం మీద అధికారి ముద్ర పడకపోతే, ఏడు తరాలుగా ఆసకా సంతలో కడుతున్న ఎర్గష్ కుటుంబం తాడు ఈ ఏడు చుట్ట విప్పుకోదు.

"చూసుకోండి," అని ఎర్గష్ గుడ్డ అందించాడు.

తుర్దియేవ్ దాన్ని స్వయంగా కట్టుకుని నాలుగు అడుగులు వేశాడు. ఐదోది టీ పళ్లెంలో పడింది. పింగాణీ గిన్నెలు దొర్లాయి.

ఎర్గష్ చెల్లెలు సనోబర్ డప్పు చాటున నవ్వింది. "నేల మీదే ఇలాగైతే ఎలా బాబాయ్! మా అన్నకి అరికాళ్లే కళ్లు. తాడు కొస ఎక్కడుందో నా డప్పు చెప్తుంది."

ఎర్గష్ నడిచి చూపించాడు. తక్కిన ఆటగాళ్లు పైకెక్కాక గంతలు కట్టుకుంటారు. అతను నేల మీదే కట్టుకుని, తడుముకుంటూ నిచ్చెన ఎక్కాడు.

"అబ్బో, ఎచ్చులు!" అని గొణిగాడు తుర్దియేవ్.

పాదం తాడును తడిమింది. ఒంటి బరువును సరిచూసుకుంది. ఆపైనే కదిలింది. అవతలి కొస కింద డప్పు మోగుతోంది. నలభై అడుగుల్లో ఒక్క తొట్రుపాటు లేదు. అటు దిగి, మడమలకు మట్టి తగిలాకే ఎర్గష్ కట్టు విప్పాడు.

మోసం పట్టుకుందామని వచ్చిన తుర్దియేవ్‌కు చెమట పట్టింది.

"అంటే నిజంగానే నీకేం కనపడదా? ప్రాణాలతో చెలగాటమా? ఆ గుడ్డ ఇటివ్వు!"

గుడ్డ జేబులో పెట్టుకుని, అనుమతి కాగితం మీద 'కళ్లు తెరిచి మాత్రమే' అని రాశాడు. ముద్ర గట్టిగా అదిమాడు.

చుట్టూ జనం ఈలలు వేశారు. "ఇంకేంట్రా ఎర్గష్, సగం కష్టం తీరింది! ఒక్కసారి ఎక్కి చూపించు!"

ఎర్గష్ కాగితాన్ని మడిచాడు. విప్పాడు. మళ్లీ మడిచాడు.

"ఆ గుడ్డ ఇచ్చెయ్యండి బాబాయ్, మీ కాళ్లు పట్టుకుంటా," అంది సనోబర్.

"పిచ్చిపిల్లా, నీ అన్న ప్రాణం కాపాడానని సంతోషించక ఏడుస్తావేంటి?"

"మా అన్నకి ఎత్తంటే చచ్చేంత భయం బాబాయ్, పైనుంచి కిందికి చూడకుండా ఉంటాడనే చిన్నప్పుడు నాన్న ఆ గుడ్డ కట్టాడు."