గేరు పడని బండి

మా ఆయన సంగతి ఎవరితో చెప్పుకోను? ఆయనకు మనుషుల మీద కంటే దిష్టి గుడ్డల మీద నమ్మకం ఎక్కువ.

"నిన్న వంక కాడ గేరు గరగరలాడి పడకపాయె. పగోళ్లు కొడవండ్లతో మీదికొచ్చిరి. బండి చెడగొట్టమని యా నా కొడుకు చెప్పినాడ్రా నీకు?" అంటూ, కర్నూలు రాజధాని అయిన ఏడాది మద్రాసు నుంచి తెప్పించిన మోటారు సైకిలు పక్కనే, దాన్ని తుడిచే మద్దిలేటిని బెల్టుతో బాదుతున్నారు.

మద్దిలేటి నోట్లోంచి రక్తం కారుతోంది. "నీ కాళ్లు మొక్కుతా రెడ్డీ, తుడిచేది తప్ప నాకేం తెల్దు."

"తుడిచిన చెయ్యి నరికితే అన్నీ తెలుస్తాయిలే!" గొడ్డలి అందుకున్నారు.

నేను బండి దగ్గరికి వెళ్లి క్లచ్చి నొక్కాను. సగంలోనే ఆగిపోయింది. వంగి చూస్తే నవ్వు రాబోయింది. గొడ్డలిని చూసి మానుకున్నాను.

"ఏమండీ, మీ పగవాడు ఇక్కడున్నాడు."

మహానందిలో పూజ చేయించి, ప్రాణానికి రక్షగా ఆయనే క్లచ్చి సందులో కట్టుకున్న నల్లగుడ్డ. అందులో నిమ్మకాయ ఎండి రాయైంది. కత్తెరతో తెంపాను.

"ఇప్పుడు నొక్కండి."

క్లచ్చి పూర్తిగా అందింది. గేరు మెత్తగా పడింది. ఈసారైనా పడదేమోనని ఆయన మళ్లీ వేసి చూశారు. మళ్లీ పడింది.

మద్దిలేటి ఇంకా చెయ్యి వెనక్కి దాచుకునే ఉన్నాడు. ఆయన గొడ్డలి గోడకానించి, అతని ముందు గొంతుక్కూర్చున్నారు.

"తప్పు నాదప్పా, మద్దిలేటీ."